నలుసులు పారిన దిక్కు

శ్రీకళ ఆ కాగితం మీద రాసింది రెండే మాటలు. ‘వాడకంలో లోపం.’ కింద సంతకం, తేదీ, షాపు ముద్ర. ముద్ర కొంచెం వంకరగా పడింది. మళ్ళీ వేద్దామా అనుకుని, ఎందుకులే అని అలాగే స్వరూపరాణి చేతికిచ్చేసింది.

“నేను ముందే అనుకున్నానండీ,” అంది స్వరూపరాణి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుందావిడ. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా మాట మాత్రం అక్కడిదే. “పెంటమ్మ పొద్దస్తమానం ఫోన్లోనే ఉంటుంది. నీళ్ళు అయిపోయినా చూసుకోలేదన్నమాట. మీలాంటి చదువుకున్నవాళ్ళు రాసిచ్చారు కాబట్టి ఇక అనుమానం లేదు. ఆవిణ్ణి మానిపించేస్తాను.”

శ్రీకళ తల ఊపింది. ఎందుకు ఊపిందో తనకే తెలియదు. తల ఊపాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరదని మాత్రం మెట్లు దిగుతుంటే అర్థమైంది.

మూడు రోజుల కిందట ఆ హాస్టల్ వంటగదిలో, ఆవిరితో అన్నం వండే స్టీలు బాయిలర్ అడుగు అతుకు విడిపోయింది. మరిగే నీళ్ళు, ఆవిరి ఒక్క ఉదుటున బయటికి తన్నాయి. వంటచేసే పెంటమ్మ కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. పిల్లలందరూ కోచింగ్ క్లాసులకు పోయిన వేళ కాబట్టి సరిపోయింది. ఆ బాయిలర్ చేసింది ఎల్‌బీనగర్‌లో శ్రీకళ పనిచేసే షాపు. అందుకని చూసి చెప్పమని ఆమెనే పంపారు. దొంగతనం జరిగిన ఇంటికి దొంగనే దర్యాప్తుకు పంపినట్టు.

చూడటానికి ఆమెకు పెద్దగా సమయం పట్టలేదు. నీళ్ళు అయిపోయి ఉత్తి మంట తగిలితే స్టీలు నీలంగా, గోధుమరంగుగా మాడుతుంది. ఆ బాయిలర్ అడుగు తోమిన కంచంలా తెల్లగా ఉంది. ఇక విడిపోయిన అతుకు. పై రేకు మీద వెడల్పుగా, అందంగా ఉంది. కింది రేకు మీద మాత్రం గోటితో గీసినంత గుర్తు, అంతే. రెండు రేకులూ కలిసి కరిగి ఒక్కటి కావలసిన చోట, ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకుని వదిలేశాయి. అది చూసిన క్షణంలోనే శ్రీకళకు మొత్తం తెలిసిపోయింది. తెలిసే రాసింది, వాడకంలో లోపమని.

ఎలా తెలిసిందో చెప్పాలంటే ఆమె చదువు గురించి, లేజర్‌తో లోహం అతకడం గురించి చెప్పాలి. లేజర్ అనగానే జనానికి కాంతి గుర్తొస్తుంది. అసలు సంగతి కాంతిది కాదు, కరిగిన లోహానిది. కాంతి పడ్డచోట స్టీలు కరిగి ఆవగింజంత మడుగు అవుతుంది. ఆ మడుగు ఊరికే ఉండదు, పారుతుంది. మామూలు స్టీలులో గంధకం పిసరంత ఉంటుంది. ఆ పిసరంత ఉంటే మడుగు పైపొర అంచుల నుంచి నడుమకు పారి, అక్కడ కిందికి దిగుతుంది, వేడిని కూడా వెంటబెట్టుకుని లోతుకు పోతుంది. అతుకు లోతుగా పడుతుంది. గంధకం మరీ తక్కువైతే ఆ ప్రవాహం తిరగబడుతుంది. నడుమ నుంచి అంచులకు పారి, వేడిని పక్కలకు పరిచేస్తుంది. అప్పుడు అతుకు వెడల్పుగా, నున్నగా, చూడముచ్చటగా వస్తుంది. లోతు మాత్రం ఉండదు. పైన పటారం, లోన లొటారం.

శ్రీకళ ఎం.టెక్.లో ఏడాదిన్నర పాటు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు కట్టింది దీని మీదే. గంధకం ఎంత ఉంటే మడుగు ఎటు పారుతుందో, ఎంత లోతు దిగుతుందో బొమ్మలు గీసి చూపించింది. పరీక్షకు వచ్చిన పెద్దాయన మెచ్చుకున్నాడు కూడా. పెద్ద అంబర్‌పేట్‌లో ఆమె తండ్రి ఆ థీసిస్ పుస్తకాన్ని ఇప్పటికీ దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని ఊరికే అనలేదు పెద్దలు.

షాపు సాయినాథ్‌ది. సరూర్‌నగర్‌లో తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాక, అందరూ ఫంక్షన్ హాళ్ళు కడుతుంటే, అతను లేజర్ వెల్డింగ్ మెషీన్ కొన్నాడు. మెషీన్‌కు సెట్టింగులు చేయడం, సరుకు చూసి సంతకం పెట్టడం శ్రీకళ పని. షాపులో ఆమె పెట్టిన నియమం ఒకటుంది. కొత్త రేకుల కట్ట వచ్చిన ప్రతిసారీ అందులోంచి రెండు ముక్కలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి అతకాలి. అతికినదాన్ని అడ్డంగా కోసి, సానబట్టి, యాసిడ్ రాసి, భూతద్దంలో లోతు చూడాలి. సగం రోజు పడుతుంది. షాపులో అందరూ దాన్ని ‘ముక్క చూసుడు’ అంటారు.

మే నెల చివర కొత్త కట్ట వచ్చింది. దానితో వచ్చిన సర్టిఫికెట్‌లో గంధకం అంకె ఎప్పుడూ ఉండేదాంట్లో పదోవంతు కూడా లేదు. చాలా శుభ్రమైన స్టీలు. శ్రీకళ ఆ అంకె దగ్గర ఆగింది. ఒక్క నిమిషం ఆగిన మాట నిజం. కానీ జూన్‌లో హాస్టళ్ళు తెరుస్తారు, పది రోజుల్లో పన్నెండు బాయిలర్లు ఇవ్వాలి. ముక్క రేపు చూద్దాం అనుకుంది. ఆ రేపు రానే లేదు.

అప్పుడు చెప్పినవాడు ఒక్కడే, దశరథ. ముప్ఫై ఏళ్ళు చేత్తో వెల్డింగ్ చేసినవాడు, లేజర్ వచ్చాక దాని పక్కన స్టూలేసుకుని కూర్చుంటున్నవాడు. మెషీన్‌కున్న కెమెరా తెర మీద కరిగిన మడుగు అరచేయంత కనిపిస్తుంది. దాని మీద చిన్న చిన్న నలుసులు తేలుతుంటాయి. దశరథకు ఆ నలుసులను చూడటం అలవాటు.

“బిడ్డా, జర ఇటు చూడు,” అన్నాడు ఆ రోజు. “నలుసులు ఎప్పుడన్న నడుమకొచ్చి జమైతయి. ఇయ్యాల అంచుకు ఉరుకుతున్నయి. ఏందిది?”

“నలుసులు ఎటు పోతే ఏంది కాకా? అతుకు చూడు, అద్దం లెక్క ఉన్నది. నీ చేతితోటి ఎన్నడన్న ఇట్ల ఏసినవా?” అని నవ్వింది శ్రీకళ.

షెడ్డులో ఇంకా ఇద్దరు నవ్వారు. దశరథ కూడా నవ్వాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తన ఏడాదిన్నర లెక్కలు చెప్పిన సంగతినే ఆ మనిషి కంటితో చూసి చెప్పాడని ఆమెకు ఆ క్షణంలో తెలుసు. తెలిసీ వేళాకోళం చేసింది. నీళ్ళు నింపి చేసిన పరీక్షలో పన్నెండు బాయిలర్లూ నిలిచాయి. ముద్దుపెట్టుకున్న అతుకు కూడా కొన్నాళ్ళు నిలుస్తుంది. రోజూ కాగి, రోజూ చల్లారితే ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే ప్రశ్న. మూడు నెలలకు దానికి జవాబు దొరికింది, పెంటమ్మ చేతి మీద.

కాగితం రాసిచ్చిన తర్వాత శ్రీకళకు అన్నం సహించలేదు. షాపులో ఎవరైనా ‘అతుకు’ అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. దశరథ మాత్రం ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అతను రోజూలాగే వచ్చి, స్టూలు మీద కూర్చుని, తెర వైపు కాకుండా గోడ వైపు చూసేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం బత్తాయిలు కొనుక్కుని సరూర్‌నగర్ పోయింది. చెరువు వైపు సందులో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటోంది పెంటమ్మ. చూసి రావాలనుకుందో, చెప్పి రావాలనుకుందో శ్రీకళకే స్పష్టంగా తెలియదు. చెప్పాలనే అనుకుందని తర్వాత తనను తాను సముదాయించుకుంది గానీ, చెప్పేవాళ్ళు బత్తాయిలు ఎందుకు కొంటారు?

“నువ్వా మేడం! కూసో, కూసో,” అని పెంటమ్మ గాభరాగా లేచింది. కట్టు కట్టిన కుడిచేతిని పొట్టకు ఆనించుకుని, ఎడమచేత్తోనే చాప పరిచింది. ఎడమచేత్తోనే స్టవ్ వెలిగించింది. వద్దంటే వినలేదు.

“నీ మిషిని కరాబ్ చేసిన. మాఫ్ చెయ్యి బిడ్డా,” అంది చాయ్ గ్లాసు అందిస్తూ.

శ్రీకళ గ్లాసు అందుకుంది.

“నాకైతే నీళ్ళు చూసినట్టే యాదికున్నది,” అంది పెంటమ్మ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. “సగానికి పైనే ఉండె. కానీ నా బిడ్డ అంబిక ఫోన్ చేసింది, రెండు ముచ్చట్లు మాట్లాడిన. గంతల ఏమైందో ఏమో. నువ్వు సదువుకున్నదానివి. కండ్లార చూసి రాసినవంట. నువ్వు రాసినంక ఇగ నా యాదిని నేనే నమ్ముతలేను.”

శ్రీకళ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఒకటే పోరు. చాయ్ తాగింది. వేడిగా ఉన్నా గబగబా తాగేసింది.

“ఇంక పని ఎవ్వలిస్తరు? బాయిలర్ పేల్చిన పెంటమ్మ అని గల్లీలన్ని ఎరుకైపాయె,” అంది పెంటమ్మ. “అది పోనీ. మీ బాయిలర్లు ఉన్న హాస్టళ్ళు ఇంక పదకొండున్నయి కద. ఎవరెవరు కొన్నరో మా వంటోళ్ళకు ఎరుకనే. నిన్న, మొన్న అయిదు హాస్టళ్ళకు పోయొచ్చిన. నా లెక్క ఫోన్ పట్టుకోని కూసోకుండ్రి, నీళ్ళు చూసుకోండ్రి, తప్పు చేస్తె ఎట్లయితదో నా చెయ్యి చూడుండ్రి అని చెప్పొచ్చిన. ఇంక ఆరున్నయి. నొప్పి తగ్గినంక పోత.”

శ్రీకళ గ్లాసు కింద పెట్టింది. ఇన్నాళ్ళూ తన భయమంతా తన సంతకం చుట్టూ, తన పేరు చుట్టూ తిరిగింది. మిగిలిన పదకొండు బాయిలర్ల ఆలోచన వచ్చిన ప్రతిసారీ, మూడు నెలలు నిలిచాయి కదా అని తోసేసింది. ఈ మనిషి కాలిన చేత్తో, చేయని తప్పును నెత్తిన వేసుకుని, మిగతావాళ్ళ చేతులు కాలకూడదని గల్లీలు తిరుగుతోంది. ఆమె చెప్పే జాగ్రత్త వాళ్ళను కాపాడదు. నీళ్ళు నిండుగా ఉన్నా ఆ అతుకులు విడిపోతాయి.

“పోకు అక్కా. నేను చూసుకుంట,” అని మాత్రం అని బయటికొచ్చేసింది. సందు మలుపు తిరిగాక గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడుపు వల్ల ఒరిగేదేమీ లేదని ఏడుస్తుండగానే తెలుస్తోంది.

మర్నాడు షాపు తెరవగానే దశరథ దగ్గరికి పోయింది. “కాకా, మే నెల రేకు మిగిలిందా? ముక్క కోయాలె.”

దశరథ షెడ్డు మూల నుంచి రేకు ముక్కలు తెచ్చాడు. వాటిని విడిగా పెట్టి ఉంచాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆనాటి సెట్టింగులతోనే అతికారు, కోశారు. సానబట్టడానికి శ్రీకళ ముక్క తీసుకోబోతే అతనే అందుకుని సానబట్టాడు. యాసిడ్ రాయగానే కరిగి గడ్డకట్టిన భాగం ముదురు రంగులో తేలింది. లోతు గిన్నె ఉండాల్సిన చోట పళ్ళెం ఉంది. పై రేకు అడుగుదాకా వచ్చి, కింది రేకును అంటీ అంటనట్టు తాకి ఆగిపోయింది. మూడు నెలల కిందట సగం రోజు కేటాయిస్తే కనిపించేది అంతే.

“గా దినం ఇంకొక్కసారి అనాలుండె,” అన్నాడు దశరథ భూతద్దం కింద పెడుతూ. “నువ్వు నవ్వినవని ఊకున్న.”

“నవ్వి నీ నోరు మూసింది నేనే కాకా. నీ మీదికి తీసుకోకు.”

సాయినాథ్ వచ్చి ముక్క చూశాడు. చదువు లేకపోయినా పళ్ళేనికీ గిన్నెకీ తేడా తెలియని మనిషి కాదు. కాసేపు నుదురు రుద్దుకున్నాడు. “సరే. పరేషాన్ కాకు. సర్వీసింగ్ అని చెప్పి పదకొండూ తెప్పిద్దాం. మల్ల సక్కగ అతికి పంపుదాం. ఎవ్వలకు ఎరుక?”

“పెంటమ్మక్కకు?”

“ఆమెకు ఏదన్న సాయం చేద్దాం తియ్యి. అసలు సంగతి చెప్తె షాపు మూస్తరు శ్రీకళా. దశరథ చూసిండు, నేను తొందర చేసిన, నువ్వు సంతకం పెట్టినవు. అందరం ఉన్నం ఇండ్ల.”

తిలా పాపం తలా పిడికెడు. అలా పంచుకుంటే ఎవరి పిడికిలీ బరువనిపించదు, అదే అందులోని సుఖం. శ్రీకళ కూడా కాసేపు ఆ సుఖానికి లొంగింది. పదకొండు హాస్టళ్ళకూ ఫోన్ చేసి, “సర్వీసింగ్ ఉన్నదండీ, ఈ పూట నుంచి బాయిలర్ వాడకండి,” అని చెప్పింది. గంటలో అన్నీ ఆగాయి. పిల్లల కంచాలకు గ్యాసు పొయ్యి మీద వండిన అన్నమే వచ్చింది. ఇక ఎవరికీ ప్రమాదం లేదు. గుండెల మీది బరువు సగం దిగింది. దిగనిది ఏదో ఆమెకు బాగా తెలుసు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే లేచి, పెంటమ్మకు ఫోన్ చేసి హాస్టల్‌కు రమ్మంది.

స్వరూపరాణి హాస్టల్ వంటగదిలో, పక్కన కొత్త వంటామె కూరగాయలు తరుగుతుండగా, స్వరూపరాణికీ పెంటమ్మకూ శ్రీకళ చెప్పేసింది. నీళ్ళు అయిపోలేదని, అతుకే సరిగ్గా పడలేదని, స్టీలు మారినప్పుడు చూడాల్సిన పరీక్ష తాను చూడలేదని. విడిపోయిన అతుకును కంటితో చూసి కూడా అబద్ధం రాశానని. గంధకం గురించి, ప్రవాహం గురించి చెప్పబోయి ఆపేసింది. అవన్నీ నిజాలే, కానీ ఆ వేళ అవి సాకుల్లా వినపడతాయని అనిపించింది.

“అంటే... మీరు రాసిచ్చిన కాగితం చూసే కదండీ ఆవిణ్ణి నేను...” అంది స్వరూపరాణి. తర్వాత పెంటమ్మ వైపు తిరిగి, “పెంటమ్మా, రేపట్నించి వచ్చేయ్. చెయ్యి బాగయ్యేదాకా వంట దగ్గరుండి చూసుకో చాలు, జీతం ఆగదు,” అంది.

పెంటమ్మ ఆవిడ మాట విన్నట్టు లేదు. శ్రీకళనే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే శ్రీకళ తట్టుకునేది.

“నా ఇంటికొచ్చిన నాడు ఎరుకనా నీకు?”

“ఎరుకే అక్కా.”

“నీళ్ళు సగానికి పైన ఉండె అని నేనన్న. ఇన్నవు కద?”

“ఇన్న.”

“ఇనుకుంట చాయ్ తాగినవు.”

కొత్త వంటామె తరగడం ఆపి ఇటు తిరిగింది.

“చెయ్యి కాలింది. అది మానుతది,” అంది పెంటమ్మ. గొంతు పెంచలేదు. “రాత్రిళ్ళు పండుకోని, నీళ్ళు చూసిన్నా, చూడలేదా అని నాకు నేనే గొడవపడ్డ. నా బిడ్డ మీద కోపం చేసిన, పని టైముల ఫోనెందుకు చేసినవని. అది ఏడ్సింది. గది ఎట్ల మానుతది?”

“నేను అంబికకు ఫోన్ చేసి చెప్త అక్కా. అందరికి చెప్త. పదకొండు హాస్టళ్ళకు ఇయ్యాలనే చెప్పి బాయిలర్లు బంద్ చేయించిన.”

“ఏమని చెప్పినవు?”

శ్రీకళ తల దించుకుంది. “సర్వీసింగ్ అని.”

పెంటమ్మ కొంగు సర్దుకుని లేచింది. “నడువు. అయిదు గడపలు తిరిగి తప్పు నాదని చెప్పొచ్చిన. ఫోన్‌ల కాదు, ముఖం చూపెట్టి చెప్పిన. గా అయిదు గడపలకు ఇప్పుడు నువ్వు చెప్పు. నేను ఎనక నిలబడి ఇంట.”

ఇద్దరూ మెట్లు దిగారు. సాయంత్రం క్లాసులకు పోయే పిల్లలతో సందు కిటకిటలాడుతోంది. పెంటమ్మ కట్టు చేతికి ఎవరి బ్యాగూ తగలకుండా శ్రీకళ పక్కకు జరగబోతే, పెంటమ్మ జరగనివ్వలేదు. ముందు నడువు అన్నట్టు ఎడమచేత్తో చూపించింది.

మొదటి హాస్టల్ రెండు సందుల అవతల, మెట్ల కిందే వంటగది. అక్కడ వండే అమల బీన్స్ తుంచుతూ తలెత్తింది. పెంటమ్మను చూసి నవ్వబోయి, ముందున్న శ్రీకళను చూసి ఆగింది.

శ్రీకళ లోపలికి ఒక అడుగు వేసింది. “అమలక్కా, పెంటమ్మక్క మొన్నొచ్చి నీళ్ళ సంగతి చెప్పింది కద. అది కాదు. తప్పు ఆమెది కాదు. మా షాపుల చిన్న పొరపాటు జరిగింది...”

“షాపుకు చేతులుంటయా?” అంది వెనక నుంచి పెంటమ్మ. “సంతకం ఎవలు పెట్టిన్రు?”

శ్రీకళ అమల ముఖంలోకి చూసింది.

“నేను,” అంది. “నా పేరు శ్రీకళ. నేను చూడకుంట సంతకం పెట్టిన. చూసినంక అబద్ధం రాసిన. పెంటమ్మక్క నీళ్ళు చూసింది.”

అమల చేతిలోని బీన్స్ కింద పెట్టింది. లేచొచ్చి పెంటమ్మ కట్టు చేతిని రెండు చేతులతో మెల్లగా పట్టుకుంది. అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టని పెంటమ్మ, ఆ చేతుల్లో చెయ్యి పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి శ్రీకళ ఒక అడుగు ముందుకు వేసి, ఆ హక్కు తనకు లేదని తెలిసి ఆగిపోయింది.

కాసేపటికి పెంటమ్మ ఎడమచేత్తో ముఖం తుడుచుకుంది. గుమ్మం దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కుంది.

“ఇంక నాలుగున్నయి,” అంది శ్రీకళతో. “నడువు.”